వదులు బూట్లు, నిండు హాజరు

ఇరవై ఆరేళ్ళు నేను చేసిన ఉద్యోగం పేరు సేఫ్టీ ఆఫీసర్. చోటు గన్నవరం దాటాక కాలవ పక్కనున్న ఒక రొయ్యల ప్లాంటు. చెరువుల నుంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు ఒలిచి, కడిగి, గడ్డకట్టించి ఓడెక్కించడం అక్కడి పని. ఆ పని చేసేవాళ్ళు పొద్దున ఎలా వచ్చారో సాయంత్రం అలాగే ఇంటికి వెళ్ళేటట్టు చూడడం నా పని. పటమటలో మా వీధివాళ్ళకి మాత్రం ఇన్నేళ్ళూ నేనేం చేస్తానో అర్థం కాలేదు. కొందరు సెక్యూరిటీ గార్డుననే అనుకున్నారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేను.

ఈ మధ్య ఇదే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, అంకుల్, మేం ఏం నేర్చుకోవాలి అని అడిగారు. చదవాల్సినవి వాళ్ళు నాకంటే ఎక్కువే చదివారు. చట్టాలు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒక్కటే మిగిలింది. ఒక రోజు నేను మనుషుల లెక్క తప్పు చెప్పాను. ఆ లెక్క సరిచేసినందుకు సువార్తమ్మ అనే మనిషి ఉద్యోగం పోబోయింది. పోగొట్టబోయిన వాళ్ళలో నేనూ ఉన్నాను. వాళ్ళకి టీ ఇచ్చి నోటితో చెప్పినదాన్నే ఇప్పుడు కాస్త నింపాదిగా రాస్తున్నాను.

మా ప్రసాద్ గారు, ఆయన బోర్డు

ప్లాంటు ఓనరు ప్రసాద్ గారు వరి పండించే ఇంట్లో పుట్టి, చెరువులు తవ్వి, చివరికి ప్లాంటు కట్టిన మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ అక్కడ ఎక్కువసేపు కూర్చోదు. నేను చేరిన రోజున ఆయన చెప్పింది రెండే మాటలు. ఎవరికీ దెబ్బ తగలకుండా చూడు, పని ఆగకుండా చూడు. ఆ రెండింటికీ మధ్య ఇరుక్కుని నా జుట్టంతా తెల్లబడింది.

గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించారు. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద అంకె రాస్తారు. రోజూ పొద్దున ఆ అంకెను ఒకటి పెంచడం నా బాధ్యత. ఆయనకి ఆ బోర్డంటే ప్రాణం. బంధువులొస్తే ముందు దాని దగ్గరికే తీసుకెళ్ళేవారు. నేనూ మొదట్లో మురిసిపోయాను. చాలా రోజులకి గాని నాకు తెలియలేదు, అంకె పెరిగేకొద్దీ మా ఆడవాళ్ళు తెగిన వేళ్ళకి చీర చెంగు చింపి చుట్టుకుని, గ్లవుజు తొడుక్కుని దాచేస్తున్నారని. అంకె పాడుచేసిన మనిషి అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. మీరు చేరిన చోట అలాంటి బోర్డు ఉంటే జాగ్రత్త. అది ప్రమాదాలను ఆపదు, నోళ్ళను ఆపుతుంది.

బదులు

పొట్టు ఒలిచే హాల్లో ఒక షిఫ్టుకి నూట పన్నెండు మంది ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ మేస్త్రి సువార్తమ్మ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కంపెనీ వ్యాన్లలో వచ్చేవాళ్ళు. లోపలికి వెళ్ళాలంటే తెల్ల గౌను, తలకి టోపీ, ముక్కు మీద మాస్కు, చేతులకి గ్లవుజులు, కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. బయటికి కనపడేది కళ్ళు మాత్రమే. ఆ కళ్ళతోనే నన్ను చూసి నవ్వుకునేవాళ్ళు. నన్ను ఎదురుగా సేఫ్టీ గారు అనేవాళ్ళు, వెనకాల ఈల సార్ అనేవాళ్ళు. నేను మాక్ డ్రిల్ పెడితే దానికి ఉత్తుత్తి సైరన్ అని పేరు పెట్టారు. పది నిమిషాలు ఎండలో నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు కాబట్టి, వారానికొకటి పెట్టండి సార్ అని అడిగేవాళ్ళు.

వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. రొయ్య ఎవరి పండగా చూసి రాదు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి మొదలై లారీలు వచ్చాయంటే ఆ రోజు ఒక్కరు కూడా మానకూడదు. చెప్పకుండా రెండు రోజులు మానితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అందుకని ఇంట్లో పని పడ్డవాళ్ళు తమ బదులు ఒక మనిషిని పంపేవాళ్ళు. తోడికోడలో, ఆడపడుచో, పక్కింటావిడో ఆ రోజుకి వాళ్ళ కార్డు మెడలో వేసుకుని, వాళ్ళ బూట్లు తొడుక్కుని, వాళ్ళ పేరుతో పని చేసి వెళ్ళేది. గుణదల చర్చి తిరునాళ్ళప్పుడు క్యాథలిక్కుల ఇళ్ళ ఆడవాళ్ళ బదులు పక్కింటి హిందువులు వచ్చేవాళ్ళు. దసరాకి కొండ మీద అమ్మవారి దగ్గరికి వెళ్ళే హిందువుల బదులు పేటలోని క్రైస్తవులు వచ్చేవాళ్ళు. ఎవరికీ ఎవరూ బాకీ ఉండేవాళ్ళు కాదు.

పొద్దున హాజరు పిలిచేటప్పుడు ఇంకొక చిన్న ఏర్పాటు ఉండేది. బదులు వచ్చిన మనిషికి తనది కాని పేరు పిలిస్తే పలకడం గుర్తుండదు. అందుకని పక్కనున్నావిడ ఎవరైనా వెనక నుంచి వచ్చిందండీ అనేసేది. ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఒక పేరు పిలిచాక రెండు క్షణాలు నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఏదో ఒక మూల నుంచి ఆ మాట దానంతటదే వచ్చేసేది.

ప్రసాద్ గారికి ఈ సంగతి సగం తెలుసు. కార్డు మార్చుకుని దొరికితే ఆ మనిషినీ, మేస్త్రినీ కూడా పంపించేస్తానని నోటీసు అంటించారు. నాకు పూర్తిగా తెలుసు. ఎలా తెలుసంటే, బూట్ల వల్ల. ఎవరి కాళ్ళ కొలత వాళ్ళది. బదులు వచ్చిన మనిషి నడుస్తుంటే బూట్లు వదులై టపటపమని చప్పుడు చేసేవి. తడి గచ్చు మీద ఆ చప్పుడు వినపడగానే, ఓహో, ఇవాళ ఈవిడ వేరే అనుకుని నాలో నేను నవ్వుకునేవాడిని. నిజం చెబుతున్నాను, నాకు ఆ ఏర్పాటంటే ముచ్చటగా ఉండేది. ఒకరి పండగని ఇంకొకరు మోస్తున్నారు కదా అనుకునేవాడిని. పట్టించడానికి మనసొప్పలేదు.

పట్టించనందుకు ఈ రోజుకీ నేను బాధపడను. కానీ తడి గచ్చు మీద వదులు బూటు చప్పుడు వింటే సేఫ్టీ ఆఫీసరైనవాడికి ముందు గుర్తు రావలసింది ఏమిటి? జారిపడడం. నాలుగేళ్ళు ఆ చప్పుడు విని నేను ముచ్చటపడ్డాను తప్ప, ఆ ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ రోజు

గుణదల తిరునాళ్ళ రోజులు. పట్టుబడి బాగా వచ్చింది. పొద్దున హాల్లో బూట్ల చప్పుళ్ళు నాలుగైదు చోట్ల వినపడ్డాయి. అందులో ఒకటి మరీ ఎక్కువగా వినపడింది. సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి, కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తోంది. నేను చూసీ చూడనట్టు పక్కకి తిరిగాను.

పదకొండు గంటలప్పుడు హాలు పక్కనున్న చల్లగదిలో ఒక వాల్వు దగ్గర అమ్మోనియా లీకయింది. తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అమ్మోనియా పెద్ద ప్లాంట్లలో చల్లదనం పుట్టించే గ్యాసు. గొట్టాల్లో ఉన్నంతసేపూ దానంత మంచిది లేదు. బయటికొచ్చిందంటే కళ్ళు, గొంతు, ఊపిరితిత్తులు కాల్చేస్తుంది. అయితే నీళ్ళు దొరికితే అందులో కరిగిపోతుంది. అందుకని తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, వంగి, గాలికి అడ్డంగా బయటికి రావాలని నేర్పుతాం.

సైరన్ మోగింది. కంప్రెసర్ ఆపరేటర్ సుబ్బారావు మెయిన్ వాల్వు కట్టేశాడు. మా ఆడవాళ్ళు నేర్పినట్టే వచ్చారు, తోసుకోలేదు. దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ సైకిల్ స్టాండు దగ్గర చేరారు. నాకు లోపల గర్వంగా కూడా ఉంది. ప్రసాద్ గారు ఆఫీసులోంచి పరిగెత్తుకొచ్చి, అందరూ వచ్చారా, అందరూ వచ్చారా అని నా భుజం పట్టుకుని ఊపేస్తున్నారు. నేను హాజరు కాగితం తీసి పేర్లు పిలవడం మొదలుపెట్టాను.

పేర్లు పిలిచాను. తలలు లెక్కపెట్టలేదు. ఈ రెండు మాటలూ మీరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

అరవయ్యో, డెబ్భయ్యో పేరు దగ్గర లూర్దమ్మ అని పిలిచాను. రెండు క్షణాలు ఎవరూ పలకలేదు. వెనక నుంచి ఎవరో వచ్చిందండీ అన్నారు. నేను టిక్కు పెట్టాను. చివరి పేరు దాకా పిలిచి, నూట పన్నెండు మందీ వచ్చారండీ అని ప్రసాద్ గారికి చెప్పాను. ఆయన దేవుడికి దండం పెట్టుకున్నారు.

అప్పటిదాకా సువార్తమ్మ అక్కడ లేదు. ఆవరణలోని కుళాయి దగ్గర ఇద్దరు ముగ్గురికి కళ్ళు కడుగుతోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుంపులోకి చూసింది. ఒక్కొక్కరి మాస్కు కిందికి లాగి మొహాలు చూసింది. తర్వాత నేరుగా మా ఇద్దరి ముందుకొచ్చి నిలబడింది. నోటీసులో ఏముందో ఆమెకి తెలుసు. ఆ నోటీసు అందరికీ చదివి వినిపించింది ఆమే.

"లూర్దమ్మ ఇవాళ రాలేదండి. గుణదల పోయింది. దాని బదులు మా పక్కింటి నాగమణి వచ్చింది. నేనే తీసుకొచ్చాను. నాగమణి ఇక్కడ లేదండి."

ఆమె గొంతు పెంచలేదు.

నేనూ సుబ్బారావూ గాలి సిలిండర్లు వీపుకి తగిలించుకుని, మాస్కులు బిగించుకుని లోపలికి వెళ్ళాం. ఆ సిలిండర్లు ప్రతి సోమవారం నా చేత్తో పరీక్షించేవాడిని. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. హాలంతా వెతికాం. ఎవరూ లేరు. బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళేసరికి, చేతులు కడుక్కునే కుళాయిల కింద, గచ్చు మీద చతికిలబడి ఒక మనిషి కనపడింది. గౌను తడిపి తల మీదుగా కప్పుకుంది. మా కుళాయిలు చేత్తో తిప్పేవి కావు, మీట నొక్కి పట్టుకుంటేనే నీళ్ళొస్తాయి, వదిలితే ఆగిపోతాయి. ఆమె ఒక మోచెయ్యి పైకెత్తి ఆ మీటను నొక్కి పట్టుకుని ఉంది. నీళ్ళు ఆమె మీద ధారగా పడుతున్నాయి. ఒక బూటు కాలికి ఉంది. రెండోది గది మధ్యలో పడి ఉంది.

మేం ఎత్తుకుని బయటికొచ్చేసరికి సువార్తమ్మ పరిగెత్తుకొచ్చి నాగమణి తల ఒళ్ళో పెట్టుకుంది. నాగమణి దగ్గుతోంది. దగ్గుతోందంటే ఊపిరుంది. నేను మాస్కు లాగేసి, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వ్యాను తెమ్మని కేకేశాను.

నేను ఆడిన అబద్ధం

మధ్యాహ్నం ఆఫీసులో విచారణ జరిగింది. సువార్తమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. ప్రసాద్ గారి కోపం ఆ రోజు ముక్కు మీద ఆగలేదు. భయపడ్డ మనిషికి వచ్చే కోపం అది. కార్డులు మార్చుకోవడం ఎప్పటి నుంచి అని ఆమెను అడిగారు. ఎప్పటి నుంచో ఉందండి అంది. నా వైపు తిరిగి, నీకు తెలుసా అన్నారు.

నేను అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అనుమానం ఉండేదండి, రుజువు దొరకలేదు అన్నాను.

ఆ మాట అన్నాక సువార్తమ్మ వైపు చూడలేకపోయాను. నాకు తెలుసని ఆమెకి తెలుసు. పొద్దున నేను నాగమణి బూట్లు చూసి పక్కకి తిరగడం కూడా ఆమె చూసింది. ఒక్క మాట అని ఉంటే నా పని అక్కడితో సరి. రేపటి నుంచి రావద్దని చెబితే, సరేనండి అని, తన కార్డు తీసి టేబులు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె చేతుల్లో పదిహేనేళ్ళ పని ఉంది. నోరు మూసుకుని ఊరుకుని ఉంటే, బతికి ఉన్న తన ఉద్యోగంతో ఇంటికి వెళ్ళేది. లోపల చచ్చిపోయిన నాగమణిని మాత్రం సాయంత్రానికి గాని కనుక్కునేవాళ్ళం కాదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. నాగమణి బతికిందన్నప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆఫీసులో నేనన్న మాట చెప్పినప్పుడు చెంగు దించి నా వైపు చూసింది. రుజువు దొరకలేదన్నారా అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆమె నన్ను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ ప్రశ్నకి సరిరావు.

మోచెయ్యి

మర్నాడు పొద్దున బట్టలు మార్చుకునే గది శుభ్రం చేయిస్తుంటే లూర్దమ్మ లాకర్లో ఒక చేతిరుమాలు మూట దొరికింది. విప్పి చూస్తే పుస్తెల తాడు. అప్పటికి గాని అసలు ఏం జరిగిందో నాకు బోధపడలేదు. మా ప్లాంటులోకి రవ్వంత బంగారం కూడా వేసుకుని వెళ్ళకూడదు. అది విదేశాల్లో సరుకు కొనేవాళ్ళ నిబంధన. రోజూ వచ్చే హిందువుల ఆడవాళ్ళు బంగారం ఇంట్లో పెట్టి, మెడలో పసుపుతాడు లోపలికి దోపుకుని వస్తారు. కొత్తగా వచ్చిన నాగమణికి ఆ సంగతి తెలియదు. గేటు దగ్గర తియ్యమంటే తీసి మూటగట్టి లాకర్లో పెట్టింది. సైరన్ మోగగానే అందరూ బయటికి పరిగెడితే ఆమె పుస్తెల కోసం వెనక్కి పరిగెత్తింది. వదులు బూటుతో జారి పడి చీలమండ మెలితిప్పుకుంది.

ఆ మూట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. నన్ను చూడగానే ఆమె అడిగింది దాని గురించే. చేతిలో పెడితే కళ్ళకద్దుకుంది. గొంతు బొంగురుపోయి మాట సరిగ్గా రావడం లేదు. కుళాయి కింద కూర్చోవాలని నీకెలా తోచిందమ్మా అని అడిగాను.

"సువార్తమ్మ చెప్పిందండి. వచ్చేటప్పుడు వ్యానులో చెప్పింది. కళ్ళు మండితే, బయటికి పోలేకపోతే, గుడ్డ తడిపి కప్పుకుని కుళాయి కింద కూర్చో, మీట వదలబాకు అంది. కొత్తగా వచ్చినోళ్ళందరికీ చెబుతుందంట."

కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నా పేరు మీ కాయితంలో లేదుగదండీ. నాకోసం ఎవరొస్తారులే అనుకున్నా. మళ్ళీ సువార్తమ్మ ఉందిగదా అనుకున్నా. అందుకే మోచెయ్యి తియ్యలేదు."

నేను ప్లాంటులో గోడలకి ఎన్ని బొమ్మలు అంటించానో లెక్కలేదు. ఎన్ని తరగతులు తీసుకున్నానో రిజిస్టర్లలో సంతకాలతో సహా ఉంది. బదులు వచ్చేవాళ్ళు ఆ రిజిస్టర్లలో లేరు కాబట్టి వాళ్ళకి నేనేమీ నేర్పలేదు. వాళ్ళు ఉన్నట్టు ఒప్పుకుంటేనే కదా నేర్పేది. నేను ముచ్చటపడి ఊరుకున్న చోట ఆ మేస్త్రి వ్యానులో కూర్చుని నా ఉద్యోగం చేసింది. జీతం నాది, పని ఆమెది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను.

అక్కడి నుంచి నేరుగా ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. నాకు నాలుగేళ్ళుగా తెలుసండి, నిన్న మీతో అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన చేతిలో కలం కింద పెట్టారు.

"అయితే నిన్ను కూడా తియ్యాలి కదా."

"తియ్యండి. ఆవిడని మాత్రం తియ్యొద్దండి. దాచిన నేను ఇక్కడుండి, చెప్పిన ఆవిడ ఇంటికెళితే, ఈసారి ఎవరైనా లోపల ఉండిపోతే మనకి చెప్పేవాళ్ళు ఉండరు. హాజరు మాత్రం నిండుగా ఉంటుంది."

ఆయన నిన్నటి హాజరు కాగితం తెప్పించారు. వేలితో పేర్లు వెతుక్కుంటూ లూర్దమ్మ దగ్గర ఆగారు. ఈ టిక్కు నువ్వేగా పెట్టింది అన్నారు. నేనేనండి అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"డ్రైవర్ని పంపను. నీ బండి మీద నువ్వే వెళ్ళి పిలుచుకురా. రానంటే నువ్వూ రావద్దు."

ఆయన మంచి మనిషని నేను అనేది ఇందుకే. నేను సువార్తమ్మ ఊరి దారిలో ఉండగా ఆయన ఆసుపత్రిలో నాగమణి మంచం పక్కన కూర్చుని ఉన్నారట. గేటు దగ్గరి బోర్డు కూడా ఆయనే తీయించారు. నేను అడగలేదు.

సువార్తమ్మ గారి షరతులు

అప్పటిదాకా నేను ఆమెను నువ్వు అనేవాడిని. ఆమె వయసు నాకంటే ఒక ఏడాది ఎక్కువే. ఆ రోజు వాళ్ళ ఇంటి అరుగు ముందు బండి ఆపి, సువార్తమ్మ గారూ అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తి, ఏందండీ కొత్తగా అని నవ్వింది. నేను చేసినదానికి క్షమించమని అడిగాను. అడగడం నాకు కష్టమైంది, వినడం ఆమెకి ఇంకా కష్టమైంది. మాట మార్చడానికి లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది.

వస్తాను గానీ ఒక సంగతి అంది. బదులు ఆపమంటే కుదరదు. పండగలు ఆగవు, పెళ్ళిళ్ళు ఆగవు, పురుళ్ళు ఆగవు. దొంగతనంగా వచ్చేవాళ్ళని దొరల్లాగా రానివ్వండి. వాళ్ళ పేరుతో వాళ్ళనే రానివ్వండి. వాళ్ళ కాళ్ళకి సరిపోయే బూట్లు ఇవ్వండి. నేను వ్యానులో చెప్పేది మీరు హాల్లో చెప్పండి. ఒకరి బదులు ఇంకొకరు పలకడం మాత్రం మా వాళ్ళ చేత నేను మాన్పిస్తాను. సేఫ్టీ మీద నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా రాసి లేదు. అన్నింటికీ ఒప్పుకున్నాను.

టీ గ్లాసు తీసుకుంటూ ఇంకొక మాట అడిగింది. "మీరు లోపలికెళ్ళారు కదా. మీరే తిరిగి రాకపోతే ఎవరికి తెలిసేదండి? మీ కాయితంలో మీ పేరు లేదు."

లెక్కపెట్టేవాడు తనని లెక్కపెట్టుకుంటాడా అని నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత గేటు లోపల కొత్త బోర్డు వచ్చింది. దాని మీద రోజుల అంకె లేదు. ఆ రోజు ఎవరి బదులు ఎవరు వచ్చారో పేర్లు రాసి ఉండేవి. బదులు వచ్చేవాళ్ళందరికీ ముందుగా సగం రోజు నేర్పి, సొంత కార్డు, సొంత బూట్లు ఇచ్చాం. సైరన్ మోగితే మేస్త్రే పుస్తకం పట్టుకుని పిలవాలి, మనిషి మాస్కు దించి మొహం చూపిస్తేనే టిక్కు పెట్టాలి. మొదటి డ్రిల్లులో పాత అలవాటు కొద్దీ ఎవరో వచ్చిందండీ అనబోయి నాలుక కరుచుకున్నారు. అందరూ పగలబడి నవ్వారు. నాగమణి కాలు నయమయ్యాక రెండేళ్ళు బదులుగా వచ్చి, తర్వాత సొంతంగా చేరింది. పసుపుతాడుతో వచ్చేది. ఆమె బూట్లు ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు.

డ్రిల్లు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరిని ముందుగానే లోపల దాచేవాడిని. లెక్క తక్కువొచ్చిందని పసిగడతారా లేదా అని చూడడానికి. సువార్తమ్మ గారు ఒక్కసారి కూడా తప్పలేదు.

చివరి డ్రిల్లు

రిటైరయ్యే రోజున ప్లాంటులో దండలు, శాలువాలు ఉంటాయని తెలుసు. నాకు వాటికంటే ఒక డ్రిల్లు కావాలనిపించింది. పదకొండింటికి సైరన్ నొక్కమని సుబ్బారావుకి చెప్పాను. ఎవరిని దాస్తున్నారు సార్ అని అడిగాడు. తర్వాత చెబుతాలే అన్నాను. ఎవరికీ చెప్పకుండా నేనే వెళ్ళి బట్టలు మార్చుకునే గదిలో, ఆ కుళాయిల పక్కన బల్ల మీద కూర్చున్నాను.

ఎందుకు చేశానంటే సరిగ్గా చెప్పలేను. ఆ గదిలో కాసేపు ఒంటరిగా కూర్చోవాలని ఉంది. మనుషులంతా బయటికెళ్ళిపోయాక అక్కడ ఎలా ఉంటుందో నాగమణికి తెలుసు గాని నాకు తెలియదు. సైరన్ మోగింది. బూట్ల చప్పుడు హాల్లోంచి బయటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కుళాయి నుంచి చుక్క పడుతున్న శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. మామూలుగా నాలుగు నిమిషాల్లో లెక్క పూర్తవుతుంది, అంతా సరిపోతేనే సువార్తమ్మ గారు తన ఈల ఊదుతారు. నా పేరు పుస్తకంలో లేదు కాబట్టి ఈసారి నాలుగు నిమిషాలకే ఈల వినపడుతుంది, లేచి నవ్వుకుంటూ బయటికి వెళదాం అనుకున్నాను.

నాలుగు నిమిషాలయింది. ఈల లేదు. అయిదయింది. ఎవరో నిజంగానే తప్పిపోయారేమోనని నాకు భయం పట్టుకుంది. లేచేలోపల తలుపు తోసుకుని సుబ్బారావు, ఇంకొకతను వచ్చారు. వీపులకి సిలిండర్లు, మొహాలకి మాస్కులు. ఏమీ మాట్లాడకుండా చెరో రెక్కా పట్టుకుని నన్ను బయటికి నడిపించారు.

సైకిల్ స్టాండు దగ్గర అందరూ మాస్కులు దించుకుని నిలబడి ఉన్నారు. ముందు సువార్తమ్మ గారు పుస్తకం పట్టుకుని ఉన్నారు. కళ్ళలో కోపం, వెనకే ఇంకేదో కూడా ఉంది.

"ఒకరు తక్కువొచ్చారండి," అన్నారు.

ఎవరండీ అని అడిగాను. పుస్తకం నా వైపు తిప్పారు. పేర్లన్నింటికీ పక్కన టిక్కులున్నాయి. అన్నింటికీ కింద, ముద్దముద్దగా ఉండే ఆమె అక్షరాల్లో, సేఫ్టీ గారు అని రాసి ఉంది. దాని పక్కన ఖాళీగా ఉంది.

వెనక పేజీ తిప్పాను. అక్కడా ఉంది. దాని వెనక పేజీలోనూ ఉంది. నేను ఊరికి బండి మీద వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చాక పెట్టిన మొదటి డ్రిల్లు దాకా తిప్పాను. ప్రతి పేజీ చివరా నా పేరుంది, ప్రతి పేరు పక్కనా టిక్కుంది. ఇన్నేళ్ళూ పైకి పిలవకుండా, నా మొహం చూసుకుని పెట్టిన టిక్కులు.

ఆమె పుస్తకం వెనక్కి లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, నా మొహంలోకి ఒకసారి చూశారు. ఖాళీలో టిక్కు పెట్టారు. తన ఈల వదిలేసి, నా మెడలోని ఈల తీసుకుని, అప్పుడు ఊదారు.